కాన్ఫిగర్ ‘లేదు’ అంటే కారణం లాగ్‌లో చూడండి

సందేహం: నా 64 బిట్ లాప్‌టాప్‌లో ఒక లైబ్రరీని సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే, జీసీసీ కంపైలర్‌లో ‘ఇంట్128’ టైపు లేదని, బిల్డుకు ముందు యంత్రంలో ఏవేవి ఉన్నాయో పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టు చెబుతోంది. అదే టైపుతో నేను విడిగా రాసిన ప్రోగ్రాము మాత్రం కంపైల్ అవుతోంది. కంపైలర్‌కు ఆప్షన్లు ఇచ్చే సీఫ్లాగ్స్‌లో ‘-డబ్ల్యూపెడాంటిక్’, ‘-డబ్ల్యూఎర్రర్’ పెట్టాను. కంపైలర్‌ను మార్చాలా?

జవాబు: మార్చనక్కర్లేదు. ఇదే ఫిర్యాదు నాకు తరచూ వస్తోంది. కాన్ఫిగర్ స్క్రిప్టు ఆ టైపును వాడే చిన్న ప్రోగ్రామును మీరిచ్చిన ఆప్షన్లతోనే కంపైల్ చేసి, అది ఏ కారణంతో విఫలమైనా సరే, టైపు లేదనే రాసుకుంటుంది. 128 బిట్ల పూర్ణాంకమైన ఈ ఇంట్128 టైపు సీ ప్రమాణంలో లేనిది, జీసీసీ అదనంగా ఇచ్చినది కాబట్టి, మీ మొదటి ఆప్షన్ దానిపై హెచ్చరిక ఇప్పిస్తుంది, రెండోది ఆ హెచ్చరికను ఎర్రర్‌గా మారుస్తుంది. ఆ పరీక్షల వివరాలు నమోదయ్యే కాన్ఫిగ్.లాగ్‌లో వెతికితే ‘ఐఎస్ఓ సీ డజ్ నాట్ సపోర్ట్’ అన్న వాక్యం మీకే కనిపిస్తుంది. ఆ రెండు ఆప్షన్లనూ తీసేసి, పాత పరీక్షల ఫలితాలు దాచుకునే కాన్ఫిగ్.క్యాష్ ఫైలు ఉంటే చెరిపేసి, స్క్రిప్టును మళ్లీ నడపండి. డబ్ల్యూఎర్రర్ కావాలంటే, అసలు కంపైల్ జరిగే మేక్ దశలో ఇవ్వండి.

నన్ను కలవరపెట్టేది మీ లైబ్రరీ కాదు, విఫలమైన పరీక్షను ‘లేదు’ అనే జవాబుగా చూపే ఈ పద్ధతి. 2024 మార్చి 29న, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి (బ్యాక్‌డోర్) బయటపడ్డాక సోర్సును గాలిస్తే, కాన్ఫిగర్‌లాగే ఇలాంటి పరీక్షలు చేసే సీమేక్ అనే బిల్డ్ సాధనపు ఫైలులో మరో సంగతి దొరికింది. ఒక ప్రోగ్రాము ఏయే ఫైళ్లను తాకవచ్చో పరిమితం చేసే, లైనక్స్ కెర్నెల్‌లోని ల్యాండ్‌లాక్ రక్షణ ఉందో లేదో చూసే పరీక్ష ప్రోగ్రాములో, హెడర్ ఫైళ్ల వరుసల కింద, ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క ఉంది. ఆ చుక్క ఉన్నంతకాలం ఆ ప్రోగ్రాము ఏ యంత్రంలోనూ కంపైల్ కాదు, కాబట్టి సీమేక్‌తో బిల్డ్ చేసిన ప్రతిచోటా ల్యాండ్‌లాక్ ‘లేదు’ అని తేలి, ఆ రక్షణ లేకుండానే బిల్డ్ సజావుగా ముగిసేది. మార్పులను పరిశీలించేవారి కంటికి ఆ చుక్క మచ్చలా కూడా ఆనలేదు.

టైపు తెలియకపోవడం వేరు, పరీక్ష ప్రోగ్రామే చెడిపోవడం వేరు. ఈ రెండింటికీ ఒకే జవాబిచ్చే పరీక్షను రాయడం నిర్లక్ష్యమేనని నా అభిప్రాయం. భద్రతకు సంబంధించిన సదుపాయమైతే, దొరకనప్పుడు బిల్డ్ అక్కడికక్కడే ఆగిపోవాలి. మీరు కూడా ప్రతి కొత్త వెర్షన్‌కు పరీక్షల ఫలితాలు రాసి ఉండే కాన్ఫిగ్.హెచ్ ఫైలు పాతదాన్నీ కొత్తదాన్నీ డిఫ్ చేసి (తేడాలు పోల్చి) చూడండి. నిన్న ఉన్నది ఈరోజు లేదంటే, ఎందుకో తెలిసేదాకా ఆ బిల్డును ఏ సర్వర్‌లోనూ పెట్టకండి.