ప్రమాదకరంగా వెళ్తున్న వాహనం: అత్యవసర నంబరుకు చెప్పవచ్చా?
ముందు వెళ్తున్న లారీ గీతలు దాటుతూ ఊగిసలాడుతుంటే అత్యవసర నంబరుకు ఫోన్ చేయవచ్చో లేదోనని సందేహించి ఊరుకున్నానని పాఠకులొకరు రాశారు. ప్రాణాపాయం కళ్లెదుటే ఉన్నప్పుడు నిస్సంకోచంగా చేయవచ్చు. అయితే నడుపుతూ మీరు ఫోన్ పట్టుకోవద్దు. పక్కనున్నవారి చేత చేయించండి, లేదా సురక్షితమైన చోట బండి ఆపి చేయండి. ముందుగా చెప్పవలసింది (కోపంలో అందరం మరిచిపోయేది కూడా) చోటు: రోడ్డు పేరు, వాహనం వెళ్తున్న దిశ, చివరగా దాటిన కిలోమీటరు రాయి మీది అంకె. నంబరు ప్లేటు, రంగు ఆ తరువాత చెప్పవచ్చు. "తాగి ఉన్నాడు" అనడం కన్నా "రెండు నిమిషాల్లో మూడుసార్లు ఎదురు వరుసలోకి వెళ్లాడు" అనడం మేలు, ఎందుకంటే మొదటిది మీ ఊహ, రెండోది మీరు కళ్లారా చూసినది. నంబరు కోసం వెంబడించవద్దు. సగమే గుర్తున్నా చెప్పండి. నిన్నటి సంఘటనకైతే పోలీసుల మామూలు ఫిర్యాదు మార్గమే సరైనది.