అనువాదానికి కూర్చున్న మా మేనకోడలికి

బిడ్డా,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆరు నెలలు సెలవు పెట్టి థామస్ పించన్ అనే అమెరికా రచయిత నవల 'ద క్రయింగ్ ఆఫ్ లాట్ 49'ను తెలుగులోకి తెస్తున్నావట. "నువ్వన్నా చెప్పు అన్నా దానికి" అని ఏడ్చినంత పని చేసింది. నేను సరేనని పెట్టేసి, వాకిట్లో ఛాతీ ఉబ్బించుకుని పది చుట్లు తిరిగాను. పదకొండో చుట్టులో భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి గానీ, చదివావో లేదో నాకెట్లా తెలుస్తుంది?

హక్కుల సంగతి ముందు చూసుకో. 1966 నాటిదైనా హక్కులు ఊరికే రావు. రోజుకు రెండు పేజీలు చాలు. కళ్ళజోడు మార్పించుకో.

నువ్వు పోయినేడు ఇచ్చిపోయిన ఆ నవలను, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. ముప్ఫై అయిదేళ్ళు పోస్టాఫీసులో చేసినవాడి చేతికి దొంగ టపా మీద రాసిన నవల ఇస్తే వదులుతాడా! ఈడిపా మాస్ అనే ఆవిడ, చచ్చిపోయిన పాత ప్రియుడి ఆస్తి లెక్కలు చూడటానికి పోయి, సర్కారు తపాలాకు చాటుగా ఇంకో తపాలా నడుస్తున్న ఆనవాళ్ళు చూస్తుంది. ఎక్కడ చూసినా దాని గుర్తు, నోరు మూసిన బూర బొమ్మ. అది నిజమా, భ్రమా, ఎవరో పనిగట్టుకుని ఆడిస్తున్న నాటకమా అన్నది చివరిదాకా తేలదు. మొగుడు రేడియోలో పనిచేస్తాడు. మైకు ముందు పెళ్ళాం పేరు 'ఎడ్నా మోష్' అని చెప్తాడు, టేపులో వంకరపోయి అసలు పేరులా వినపడుతుందని! నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే, మీ కంపెనీలో అవతలివాళ్ళకు నోరు తిరగదని నీ పేరు సగానికి కోసేశారన్నావే, అది గుర్తొచ్చింది.

అందులోనే ఒక సంఘం వాళ్ళు ఒక కంపెనీ లోపలి టపాను చాటుగా వాడుకుంటారు. చేరినవాళ్ళు వారానికొక ఉత్తరమైనా వెయ్యాలి, లేకపోతే జరిమానా. అందుకని ఒకడు ఎట్లున్నావు, పుస్తకం ఎంతవరకొచ్చింది, ఇంతే సంగతులు అని రాస్తాడు. మన ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే పడే పూల బొమ్మల్లాంటిదే. అక్కడ నీకు 'ఉభయకుశలోపరి' అని అందంగా రాయబుద్ధవుతుంది. రాయకు. అది ఖాళీ ఉత్తరం, ఖాళీగానే పోనీ. ఆ దొంగ టపా పేరు డబ్ల్యూ.ఏ.ఎస్.టీ.ఈ. దగ్గర కూడా 'చెత్త' అని తేల్చెయ్యకు. ఆవిడ 'వేస్ట్' అని చదివితే, అవి విడి అక్షరాలమ్మా అని ఒకడు దిద్దుతాడు కదా. 'వేస్ట్' మన ఊళ్ళో మేకలు కాసేవాడికి కూడా తెలుసు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఒకప్పుడు అనువాదం చేశాను. మీ అమ్మకు కూడా తెలియదిది.

1982. నేను పల్లెలో కొత్త పోస్టుమేన్ని. చదువురాని వాళ్ళకు ఉత్తరం చదివి పెట్టడం, జవాబు రాసిపెట్టడం కూడా నా పనే అన్నట్టుండేది. ఒక అవ్వకు ఒక్కడే కొడుకు, బొంబాయి బట్టల మిల్లులో. ఆ జనవరిలో అక్కడ సమ్మె మొదలై రెండున్నర లక్షల మంది రోడ్డున పడ్డారు. మనియార్డర్లు ఆగిపోయాయి. దసరా ముందు ఇన్‌లాండ్ కవరు వచ్చింది. "అవ్వా, పైసల్లేవు, పండుగకు రాలేను, నా కోసం చూడకు" అని ఉంది. అరుగు మీద ఆమె నా నోటికేసి చూస్తోంది. నాకు నోరు రాలేదు. "పని ఎక్కువుందట, అయినా పండుగకు వస్తాడట" అని చదివాను.

అక్కడితో ఆగలేదు. ఆమె సంబరపడి "రొట్టె కట్టుకొని రమ్మను, తోవల ఏం తినొద్దను" అని చెప్పింది. అది రాస్తే అక్కడ కొడుక్కి అర్థం కాదు కదా! అందుకని ఆమె పేరుతో "రాకున్నా ఏం కాదు, నీ ఆరోగ్యం చూసుకో" అని రాశాను. ఇటు నుంచి రెండు, అటు నుంచి రెండు నడిచాయి. ఇక్కడ తల్లి ఎదురుచూస్తోంది, అక్కడ కొడుకు తల్లికి తన మీద మనసు విరిగిందనుకున్నాడు. నేను మాత్రం ఇద్దరికీ మేలు చేస్తున్నాననుకుని సైకిల్ మీద ఈల వేసుకుంటూ తిరిగాను.

దసరా నాడు ఆమె కొంగున జమ్మి ఆకు ముడి వేసుకుని బస్సు కాడ పొద్దుగూకేదాకా నిలబడింది. మర్నాడు ఆ ఉత్తరాలన్నీ పదో తరగతి పిల్లగాడితో చదివించుకుంది. నేను సంచీతో పోతే తిట్టలేదు. "ఇన్ని దినాలు నేను మాట్లాడింది నీతోనా కొడుకా?" అని మాత్రం అడిగింది.

తర్వాత తన ఉత్తరం తనే తీసుకుని లోపలికి పోయేది. నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నాతో చదివించుకోలేదు.

నీ నవలలో ముసలి నావికుడున్నాడు చూడు, చేతి మీద బూర పచ్చబొట్టు. ఎప్పుడో వదిలేసి వచ్చిన భార్యకు ఉత్తరం రాసి, వెయ్యమని ఈడిపా చేతికిస్తాడు. అందులో ఏముందో పించన్ చెప్పడు. ఆవిడ విప్పదు, తీసుకుపోయి డబ్బాలో వేస్తుంది, అంతే. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి మంచినీళ్ళు తాగొచ్చాను.

నా భయమల్లా ఇంకొకటి. ఆరు నెలలు ఒక్కదానివే గదిలో కూర్చుని, ఈడిపాలాగా ప్రతి మాట వెనకా ఇంకో మాట వెతుక్కుంటూ, అన్నం సంగతి మరిచిపోతావేమోనని. పక్కింటి వాళ్ళతోనైనా మాట్లాడుతుండు. కూరగాయల ధర గురించైనా సరే.

ముందు ఆ నావికుడి పేజీ చేసి నాకు పంపు. కాగితం మీద, పోస్టులో. పిన్ కోడ్ ఆరంకెలూ విడివిడిగా రాయి, నీ ఏడు ఒకటిలా ఉంటుంది. కింద నీ సంగతి ఒక రెండు లైన్లు. బాగున్నాను అని మాత్రం రాయకు.

నీ
మామ