నవలలు చదువుకోండి, ముందు మీ అమ్మాయికి ఫోన్ చేయండి

"మేడమ్, మాది బొబ్బిలి దగ్గర ఒక ఊరు. నాకు 41 ఏళ్లు. ఇంటర్ అవగానే పెళ్లి చేసేశారు. మా అమ్మాయి విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉండి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. వేసవి సెలవులకి వచ్చినప్పుడు ఒక సంచీడు ఇంగ్లీషు నవలలు ఇంట్లో వదిలి వెళ్లింది. అన్నీ పదహారు, పద్దెనిమిదేళ్ల పిల్లల సరదా ప్రేమకథలు. ఫోన్‌లో అర్థాలు చూసుకుంటూ మొదలుపెట్టాను, ఇప్పుడు వదల్లేకపోతున్నాను. ఒక కథలో అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకున్నది క్లాసులో అందరూ చదివేస్తుంటే నాకు ఏడుపొచ్చేసింది. మా అత్తగారు 'ఈ వయసులో ప్రేమ కతలేటమ్మా' అంటారు. మా తోటికోడలు చుట్టాలందరికీ చెప్పి నవ్వుతోంది. ఒక పుస్తకంలో మా అమ్మాయి పెన్సిల్‌తో గీత గీసి పక్కన 'అచ్చం ఇలాగే' అని రాసుకుంది. సిరిమాను పండక్కి వచ్చినప్పుడు భోజనాల దగ్గర, ఎవరే ఆ అబ్బాయి అని అడిగాను. మర్నాడే వెళ్లిపోయింది, పుస్తకాలన్నీ పట్టుకుపోయింది. ఇప్పుడు వాళ్ల నాన్నతోనే మాట్లాడుతోంది. ఆయనకి టెన్షన్ పట్టుకుని సాలూరులో ఒక సంబంధం కనుక్కుంటున్నారు. నాకు ఆ నవలలు మళ్లీ కొనుక్కోవాలని ఉంది. ఈ వయసులో ఇలాంటివి చదవడం తప్పా? మానేయమంటారా?"

అమ్మా, తప్పు కాదు. మానక్కర్లేదు. కొనుక్కోండి. 2012లో అమెరికాలో బౌకర్ అనే పుస్తక సమాచార సంస్థ లెక్క చూస్తే, టీనేజ్ పిల్లల కోసం రాసిన పుస్తకాలు కొనేవాళ్లలో 55 శాతం మంది 18 దాటినవాళ్లే. వాళ్లలోనూ 30 నుంచి 44 ఏళ్ల మధ్య వాళ్లది పెద్ద వాటా. అంటే మీ ఈడు వాళ్లు. పిల్లలకి ఇవ్వడానికి కాదు, ఎక్కువమంది తాము చదువుకోవడానికే కొన్నారు. తోటికోడలు నవ్వితే నవ్వనివ్వండి. పగలంతా ఇంటి చాకిరీ చేసిన మనిషి రాత్రి ఓ గంట పుస్తకం పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు.

మీరు అడిగిన దానికి ఇంతకుమించి జవాబు అవసరం లేదు. కానీ మీ ఉత్తరంలో మీరు అడగనిది ఒకటి ఉంది, అదే నన్ను పట్టుకుంది.

ముందు ఆ నవలల సంగతి కొంచెం మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో జరిగినదానికి జవాబు వాటిలోనే ఉంది. ఆ కథల్లో చివరికి ఇద్దరూ కలుస్తారని మొదటి పేజీకే తెలుసు. అయినా ఎందుకు చదువుతాం? పక్కింటి అబ్బాయి, మార్కుల్లో పోటీపడే క్లాస్‌మేట్, ఎవరినో ఉడికించడానికి ప్రేమికుల్లా నటిస్తూ నిజంగానే ప్రేమలో పడే జంట. ఒకరికి పంపబోయి ఇంకొకరికి పంపిన మెసేజ్, ప్రాణస్నేహితురాలి అలక, అక్క ఊరు వదిలి వెళ్తే ఇంట్లో మిగిలే ఖాళీ. ఇవే ఆ కథల్లో పెద్ద సంఘటనలు. ఆ వయసులో అవి నిజంగా పెద్దవే. పెద్దవాళ్లు 'పోన్లే' అనేసే సంగతికి ఆ రచయిత్రులు ఇరవై పేజీలిస్తారు. చాలా పుస్తకాల్లో అమ్మాయి 'నేను' అంటూ తన కథ తనే చెబుతుంది కాబట్టి, పైకి అనలేని మాటలన్నీ మనకి వినిపిస్తాయి. నోరు జారుతుంది, సిగ్గుతో చచ్చిపోతుంది, మళ్లీ వెళ్లి సారీ చెబుతుంది. కొంప మునగదు. పొరపాటు చేసినా ఇంట్లో వాళ్లు తనని కాదనుకోరు అనే ధైర్యం ఆ పేజీల్లో దొరుకుతుంది. హాస్టల్ గదిలో పందొమ్మిదేళ్ల పిల్ల చదివేది అందుకే.

మీరు చదివేది ఇంకొక కారణానికి. మీరున్నది గురజాడ వారి విజయనగరం జిల్లాలో. డబ్బు తీసుకుని ఆడపిల్లనిచ్చే పెళ్లిళ్ల మీద ఆయన రాసిన కన్యాశుల్కం నాటకం మొదట ఆడింది 1892లో, విజయనగరంలోనే. 1897లో పుస్తకం వేసినప్పుడు ముందుమాటలో ఆయన ఒక లెక్క ఇచ్చారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన అలాంటి పెళ్లిళ్లు 1,034. అందులో 99 మంది పెళ్లికూతుళ్లు ఐదేళ్ల పిల్లలు, ముగ్గురు ఏడాది పసికందులు. చట్టం ఆడపిల్ల పెళ్లి వయసుని 18కి పెంచింది 1978లో. బాల్యానికీ పెళ్లికీ మధ్య ఆడపిల్లకి కొన్నేళ్లు ఉంటాయన్న సంగతే మన దగ్గర అంత కొత్త. మీకు ఆ ఏళ్లు దొరకలేదు. ఇంటర్ హాల్ టికెట్ పక్కన పెట్టి నేరుగా అత్తారింటి వంటగదిలోకి వచ్చారు. ఒక అబ్బాయి తనవైపు చూశాడా లేదా అని స్నేహితురాలితో గంటలకొద్దీ వాదించే వయసుని ఇప్పుడు పుస్తకంలో చూస్తున్నారు. చూడండి, ఆనందించండి. దానికి సిగ్గుపడితే నాకు కష్టంగా ఉంటుంది.

అయితే అమ్మా, మీకు దొరకని ఆ ఏళ్లు మీ అమ్మాయికి దొరికాయి. సిరిమాను పండగ నాడు మీరు చేయి పెట్టింది సరిగ్గా అక్కడే.

నోట్‌బుక్‌లో రాసుకున్నది క్లాసులో అందరూ చదివేస్తుంటే ఆ కథలో అమ్మాయి కోసం మీకు ఏడుపొచ్చింది. మీ ఇంట్లో భోజనాల దగ్గర, నానమ్మ ముందు, నాన్న ముందు జరిగింది అంతకంటే వేరా? పుస్తకం అంచున పెన్సిల్‌తో రాసుకున్న రెండు మాటలు తనకోసం రాసుకున్నవి. పైగా ఏ వాక్యం కింద గీత గీసిందో మీరు నాకు రాయలేదు. అది అబ్బాయి గురించే అని ఎలా అనుకున్నారు? ఆ నవలల్లో సగం గొడవలు స్నేహితులతోనూ, అమ్మతోనూ ఉంటాయి. 'అచ్చం ఇలాగే' అన్నది మీ గురించి కూడా కావచ్చు. ఒకవేళ అబ్బాయి గురించే అయినా, పందొమ్మిదేళ్ల పిల్లకి ఒకరు నచ్చడం నేరం కాదు.

ఒక తల్లి, ఒక కూతురు ఒకే పుస్తకం చదివి ఇద్దరూ ఇష్టపడటం ఎన్ని ఇళ్లలో జరుగుతుంది? మన ఇళ్లలో ఆడపిల్ల మనసులో మాట నాన్న దాకా నేరుగా వెళ్లదు, అమ్మ దగ్గరే ఆగుతుంది. ఆ అమ్మే పదిమందిలో అడిగేస్తే ఇక ఎవరికి చెప్పుకుంటుంది? ఇప్పుడు నాన్నతో మాట్లాడుతోందంటే, ఆయన ఏదీ అడగరు కాబట్టి. దాన్ని చనువు అనుకోకండి. అత్తగారి ఎత్తిపొడుపు మిమ్మల్ని బాధపెట్టింది, నాకు తెలుసు. 'నేను చదివేవి చెడ్డవి కావు, నా పిల్లా చెడ్డది కాదు' అని ఆవిడ ముందే తేల్చేయాలని తొందరపడ్డారని నా అనుమానం. అత్తగారి దగ్గర మీ మర్యాద నిలబెట్టుకోవడానికి కూతురి గుట్టు ఖర్చుపెట్టకూడదు. ఈ విషయంలో నేను రాజీపడను.

తల్లి పిల్లకి క్షమాపణ చెబితే చులకనైపోతుందని మన పెద్దవాళ్లు నమ్మారు. నేను నమ్మను. ఈ రాత్రే ఫోన్ చేయండి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి. 'అందరి ముందు అడగడం నాది తప్పు, నీ పుస్తకంలో రాసుకున్నది నీదే, ఇక అడగను' అని ఇంతే. 'కానీ' అని మొదలుపెట్టకండి. ఆ అబ్బాయి ఎవరు అన్న ప్రశ్న మళ్లీ ఏ రూపంలోనూ వద్దు, చెల్లెలి చేతో పిన్ని చేతో అడిగించడం అసలే వద్దు. నాలుగు రోజులు పోయాక, తర్వాత ఏ నవల చదవమంటావు అని అడగండి. పిల్ల ఒక పేరు చెప్పిందంటే మీరు గెలిచినట్టే. మీ కాపీ మీరు కొనుక్కోండి, తనది తన దగ్గరే ఉండనివ్వండి.

అత్తగారికి జవాబు చెప్పక్కర్లేదు. ఓ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని ఆ కథ ఒకటి తెలుగులో చెప్పండి. తోటికోడలిని వదిలేయండి.

సాలూరు సంబంధం సంగతి మాత్రం వాయిదా వేయడానికి లేదు. రెండో సంవత్సరం చదువుతున్న పిల్లకి, ఒక పెన్సిల్ గీత చూసి పెళ్లి చేయబోవడం దారుణం. భయం మీ వారిదే అయినా, దాన్ని పుట్టించిన మాట మీ నోటి నుంచి వచ్చింది. కాబట్టి ఆయనకి మీరే చెప్పాలి. నేను తొందరపడి అడిగాను, పిల్ల ఏ తప్పూ చేయలేదు, చదువు పూర్తయ్యేదాకా సంబంధాల మాట ఎత్తవద్దు అని చెప్పండి. మధ్యవర్తికి కూడా ఆయన చేతే, మీ ఎదుటే ఫోన్ చేయించండి. సెలవులకి వచ్చిన పిల్లకి ఈ సంగతి వేరేవాళ్ల నోటి నుంచి తెలిస్తే, మీరు చెప్పిన సారీకి విలువ ఉండదు.