రక్షణ ప్రాజెక్టుల్లో అజైల్ నడుస్తుందా?

అడిగింది: "మాది అనంతపురంలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. రక్షణ రంగంలో సబ్‌కాంట్రాక్టు వచ్చింది. ఎస్‌ఆర్‌ఎస్ (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసే పత్రం) మొత్తం ముందే ఫ్రీజ్ చేయమంటున్నారు, అంటే తర్వాత మార్చకూడదట. మాకు అలవాటైంది స్క్రమ్, అంటే పనిని చిన్న విడతలుగా చేసి, చూపించి, దిద్దుకుంటూ పోయే అజైల్ పద్ధతి. కుదురుతుందా అన్నా?"

కుదురుతుంది తమ్ముడూ, కాకపోతే సగమే. నేను కర్నూలు నుంచి డ్రోన్ల గ్రౌండ్ స్టేషన్ (నేల మీంచి డ్రోన్‌ని నడిపే చోటు) సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తుంటా. మా టీములో రెండు వారాల స్ప్రింట్లే, అంటే రెండు వారాలకో విడత పని. కస్టమర్‌కి మాత్రం డిజైన్ రివ్యూలు, సంతకాలు, అంగీకార పరీక్షలు. ఈ రెండూ పక్కపక్కనే నడవాలి.

కాగితాల గురించి టెన్షన్ వద్దు. 2001 నాటి అజైల్ మేనిఫెస్టో డాక్యుమెంట్లు వద్దని చెప్పలేదు. విమానాల్లో వాడే సాఫ్ట్‌వేర్‌కి ప్రమాణమైన డీఓ-178సీ కూడా వాటర్‌ఫాలే (ఒక దశ మొత్తం ముగిశాకే తర్వాతి దశ) చేయమని ఎక్కడా అనదు. ప్రతి రిక్వైర్‌మెంట్ ఏ టెస్టులో తేలిందో రుజువు చూపమంటుంది. ఆ ట్రేసబిలిటీ పట్టికని స్ప్రింటు చివరే నింపండి. అది నిండకపోతే స్టోరీ (స్ప్రింటులో తీసుకున్న చిన్న పని) పూర్తి కానట్టే. ఆఖర్లో ఒకేసారి నింపుదామనుకునే టీములకు రాత్రిళ్లు నిద్ర ఉండదు.

అసలు లాభం మాత్రం వేరే చోట ఉంది. సాఫ్ట్‌వేర్‌ని వాడే మనిషిని తొందరగా తెచ్చి తెర ముందు కూర్చోబెట్టడం. మా దగ్గర ఒక డెమోకి వచ్చిన ఆపరేటర్ ఏసీ గదిలో కాసేపు చూసి, ల్యాప్‌టాప్ ఎత్తుకుని బయటికి నడిచాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. తెల్లటి మ్యాప్ మీద పసుపు రంగు హెచ్చరిక అసలు కనపడలేదు. చేతికి గ్లవ్స్ తొడుక్కుని నొక్కితే పక్క బటన్ పడింది. రిక్వైర్‌మెంట్లో "హెచ్చరిక చూపాలి" అని ఉంది, మేం చూపించాం, కాగితం మీద పాస్! తర్వాతి స్ప్రింటులో రంగులు, బటన్ల సైజు మార్చేశాం. ఇదే సంగతి అంగీకార పరీక్షలో బయటపడి ఉంటే మార్పు కమిటీ, మళ్లీ అనుమతి, మళ్లీ మొత్తం టెస్టింగ్. నెలలు పోయేవి.

కర్నూలు జిల్లాలో డీఆర్‌డీఓ రేంజ్ (ఆయుధాలు పరీక్షించే మైదానం) ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధం, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణి పరీక్షించింది ఇక్కడే. అలాంటి చోట ట్రయల్ తేదీ మీ స్ప్రింటు చూసుకుని రాదు. ఆయుధం పేల్చే లాజిక్, సేఫ్టీ ఇంటర్‌లాకుల (పొరపాటున పేలకుండా ఆపే ఏర్పాట్ల) జోలికి ప్రతి స్ప్రింటులో వెళ్లొద్దు. అవి ముందే గట్టిగా రాసి ఫ్రీజ్ చేయడమే మేలు. తెరలు, లాగ్‌లు, రిపోర్టులు ఎన్నిసార్లయినా మార్చుకోండి.

అమెరికా రక్షణ శాఖ 2020లో సాఫ్ట్‌వేర్‌కి విడిగా ఒక కొనుగోలు దారి పెట్టి, కనీసం ఏడాదికోసారైనా పనికొచ్చేది సైనికుల చేతికి అందాలంది. మన కాంట్రాక్టుల్లో డబ్బు ఇంకా మైల్‌స్టోన్లకే (ముందే రాసుకున్న పని దశలకే) ముడిపడి వస్తోంది. అందుకే సంతకం పెట్టకముందే ఆపరేటర్ డెమోలు ఇన్ని అని కాంట్రాక్టులో రాయించుకోండి. తర్వాత అడిగితే "అది స్కోప్‌లో లేదు" అంటారు.