ఓపెన్ సోర్స్ ప్లగిన్లతో చేసిన పాట అమ్ముకోవచ్చా?

సర్జ్ ఎక్స్‌టీ, డెక్స్‌డ్ (సింథ్‌లు, అంటే కంప్యూటర్‌లో స్వరం పుట్టించే వాయిద్యాలు), డ్రాగన్‌ఫ్లై రివర్బ్ (ప్రతిధ్వని కలిపేది) లాంటి ప్లగిన్లు, అంటే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించే ప్రోగ్రాములు, వాడి చేసిన జింగిల్‌కి డబ్బు తీసుకుంటే, వాటి ఓపెన్ సోర్స్ లైసెన్స్ అయిన జీపీఎల్ ప్రకారం ఆ జింగిల్ కూడా అందరికీ ఉచితంగా ఇచ్చెయ్యాలా అని అడిగారు. అక్కర్లేదండి. జీపీఎల్ పట్టింపంతా కోడ్ గురించే. జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో వేసిన పోస్టర్ వేసినవాళ్లదే అయినట్టు, మీ పాట మీదే. ఆ లైసెన్స్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనే ఈ మాట చెప్పింది: ప్రోగ్రామ్ తనలోని ముక్కను అవుట్‌పుట్‌లోకి కాపీ చేస్తే తప్ప అవుట్‌పుట్‌కి జీపీఎల్ అంటదు.

జాగ్రత్త పడాల్సింది శాంపిల్స్, అంటే ముందే రికార్డు చేసిన శబ్దాల దగ్గర. వాటిని వాయించే ఎస్‌ఫిజ్ అనే ప్లేయర్ బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లో ఉంది, దానితో ఏ పేచీ లేదు. అందులో లోడ్ చేసే పియానో, వయొలిన్ రికార్డింగులకి మాత్రం వేరే లైసెన్స్ ఉంటుంది, అవే నేరుగా మీ పాటలోకి వస్తాయి. వీఎస్‌సీఓ 2 కమ్యూనిటీ ఎడిషన్ అనే ఆర్కెస్ట్రా శాంపిల్స్ లాగా సీసీ0 (హక్కులన్నీ వదిలేసినట్టు) అని ఉంటే నిశ్చింతగా వాడండి. సీసీ బై అయితే రికార్డు చేసినవాళ్ల పేరు చెప్పాలి. ముప్పై సెకన్ల ప్రకటనలో పేరు ఎక్కడ వేస్తారు? ఎన్‌సీ (నాన్ కమర్షియల్) అని కనబడితే డబ్బు పనికి ముట్టుకోవద్దు. ఫ్రీసౌండ్ అనే శబ్దాల సైట్‌లో ఒక్కో శబ్దానికి ఒక్కో లైసెన్స్, డౌన్‌లోడ్ చేసేటప్పుడే రాసిపెట్టుకోండి.

ఇంకో మాట. "ఫ్రీ" అన్నదల్లా ఓపెన్ సోర్స్ అనుకోవడం మన దగ్గర పెద్ద జబ్బు. సోర్స్ ఇవ్వని ఫ్రీ ప్లగిన్లలో కొన్నిటికి "వ్యక్తిగత వాడకానికి మాత్రమే" అనే షరతు ఉంటుంది. జీపీఎల్, ఎంఐటీ లైసెన్సుల్లో ఆ షరతు ఉండదు. ఊరికే వచ్చింది నాసిరకం అనేవాళ్లకి కూడా చెబుతున్నా: 2018లో సోర్స్ విడుదల కాకముందు సర్జ్ డబ్బు పెట్టి కొనుక్కునే సింథే.

డబ్బు పనిలో నిజంగా దెబ్బతీసేది లైసెన్స్ కాదు, రెండర్, అంటే ప్రాజెక్టుని ఆడియో ఫైల్‌గా తీయడం. కిక్ డ్రమ్ కింద సర్జ్ ఎక్స్‌టీ బేస్ పెట్టారనుకోండి. జీ1 నోటు, అంటే 49 హెర్ట్జ్, ఒక్కో తరంగం దాదాపు 20 మిల్లీసెకన్లు. ఆసిలేటర్‌లో (తరంగం పుట్టించే భాగంలో) రీట్రిగర్, అంటే ప్రతి నోటుకీ తరంగాన్ని మొదటినుంచి ఎత్తుకునే సెట్టింగ్, ఆపేసి ఉంటే నోటు ప్రతిసారీ తరంగంలో ఎక్కడో ఒకచోట మొదలవుతుంది. 10 మిల్లీసెకన్లు అటూ ఇటూ అయితే కిక్ పైకి తోస్తుంటే బేస్ కిందికి లాగుతుంది. సోమవారం పంపిన ఎంపీ3లో మొదటి దెబ్బ గుండెకి తగులుతుంది, క్లయింట్ ఓకే అంటాడు. గురువారం అదే ప్రాజెక్టు ముట్టుకోకుండా ఫైనల్ వేవ్ ఫైల్ తీస్తే బేస్ పలచబడిపోతుంది. "మిక్స్ మార్చారా?" అని ఫోన్.

పరీక్ష సులువే. డిథర్ (ఫైల్ తీసేటప్పుడు కలిపే సన్నని రొద) ఆపి ఒకే ట్రాక్‌ని రెండుసార్లు రెండర్ చేయండి. రెండు ఫైళ్లూ ఒకే చోట మొదలయ్యేలా పెట్టి, ఒకదాని పోలారిటీ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి ప్లే చేయండి. పూర్తి నిశ్శబ్దం రావాలి. ఏదైనా వినబడితే సింథ్‌లోనో ఎఫెక్ట్‌లోనో ఎక్కడో రాండమ్ ఉన్నట్టే. సర్జ్‌లో రీట్రిగర్ ఆన్ చేయండి, వైటల్ అనే సింథ్‌లో ఫేజ్ రాండమైజేషన్ సున్నాకి దించండి. ప్యాడ్‌లకి (వెనక సాగే మెత్తటి స్వరాలకి) ఆ రాండమే అందం, దాన్ని ఉండనిచ్చి, ఓకే అయిన రోజే 24 బిట్ వేవ్ ఫైల్‌గా ప్రింట్ (రెండర్) చేసుకోండి. రివర్బ్ తోక తెగకుండా చివర నాలుగైదు సెకన్లు వదలాలి.

వాడిన వెర్షన్ ఇన్‌స్టాలర్‌ని ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే దాచండి. సర్జ్ 1.9, సర్జ్ ఎక్స్‌టీ వేర్వేరు ప్లగిన్లు. పాతది లేని కంప్యూటర్లో పాత ప్రాజెక్టు తెరిస్తే ఆ ట్రాక్ మూగబోతుంది.

క్లయింట్ ప్రాజెక్టు ఫైల్ అడిగితే మాత్రం అందులో ప్లగిన్లను కలిపి జిప్ చేయకండి. అలా చేస్తే ప్లగిన్‌ని మీరు పంపిణీ చేసినట్టవుతుంది, అది జీపీఎల్‌ది అయితే సోర్స్ అందించే బాధ్యత మీ మీద పడుతుంది. డౌన్‌లోడ్ లింకూ వెర్షన్ నంబరూ రాసి, పక్కన ప్రింట్ చేసిన స్టెమ్స్ (విడివిడి ట్రాకుల ఆడియో ఫైళ్లు) పెట్టి పంపండి, చాలు.