చంటిపిల్లలతో వండర్‌లాకి వెళ్లొచ్చా? పాప వేళల ప్రకారం అయితే హాయిగా వెళ్లొచ్చు

మీ ప్రశ్న చదివాను. విజయవాడలో ఉంటున్నారు, బాబుకి రెండున్నరేళ్లు, పాపకి ఏడు నెలలు. జనవరిలో హైదరాబాద్ వండర్‌లా పార్కుకి గానీ రామోజీ ఫిల్మ్ సిటీకి గానీ వెళ్దామనుకుంటున్నారు. "చంటిపిల్లని వేసుకుని అంత దూరం ఎందుకు?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. వెళ్లొచ్చా, వెళ్తే ఏది మేలు అని అడిగారు.

వెళ్లొచ్చండి. మేమూ బెజవాడ వాళ్లమే, పటమటలో ఉంటాం. మా అమ్మాయి మూడో ఏట ఉండగా, బాబుకి ఎనిమిదో నెల నడుస్తుండగా ఈ రెండు చోట్లకీ వెళ్లాం. అందుకే ధైర్యంగా చెప్తున్నాను. కాకపోతే ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. పాపకి చోటు మాత్రమే మారాలి, వేళలు మారకూడదు. ఇంట్లో ఎప్పుడు పాలు తాగుతుందో, ఎప్పుడు ఉగ్గు తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో అక్కడా అంతే. రైడ్‌లన్నీ ఆ మధ్య సందుల్లో పెట్టుకోవాలి. టికెట్ డబ్బులు రాబట్టాలని పొద్దున్నించి రాత్రి దాకా తిరిగితే మధ్యాహ్నం రెండింటికల్లా ఇద్దరు పిల్లలూ ఏడుపు లంకించుకుంటారు, ఇక పెద్దవాళ్ల మధ్య మాటామాటా పెరుగుతుంది.

ఇంకో మాట. పాపకి ఈ ప్రయాణం ఏమీ గుర్తుండదు, బాబుకీ పెద్దగా గుర్తుండదు. ఇది మీకోసం. రెండు కాన్పులు, రెండు బాలింతతనాలు అయ్యాక మీరు ఇల్లు కదిలి ఎన్నాళ్లయిందో నాకు తెలియదు గానీ, నాకైతే ఆ రోజు చాలా అవసరమైంది. ఆ సంగతి ఇంట్లో అలాగే చెప్పండి. "పిల్లలు చూస్తారని" అంటే పెద్దవాళ్లు "పసిదానికేం తెలుస్తుంది?" అంటారు, అది నిజమే కూడా. "మేమిద్దరం ఒక రోజు బయటికి వెళ్లొస్తాం" అన్నప్పుడు మా అత్తయ్యగారు మారుమాట్లాడలేదు, మా అమ్మాయి బట్టల సంచీ ఆవిడే సర్దారు.

ఏది మేలు అంటే, మీతో ఎవరొస్తున్నారన్నదాన్ని బట్టి చెప్పాలి. మీ అత్తమామలో, అమ్మానాన్నలో వస్తుంటే రామోజీకి వెళ్లండి. మన హైవే మీదే, సిటీలోకి అడుగు పెట్టకముందే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర తగులుతుంది. లోపల వాళ్ల బస్సుల్లోనే చాలావరకు తిప్పుతారు కాబట్టి పాప ఒళ్లోనే నిద్రపోవచ్చు. పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు, తోటలు పెద్దవాళ్లకీ బాగుంటాయి. బాబు వయసు వాళ్లకి ఫండుస్తాన్ అని పిల్లల చోటు ఉంది. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో మాత్రం తుపాకీ మోతలు, పేలుళ్లు ఉంటాయి, దానికి పాపని తీసుకెళ్లకండి. ఒకరు బయట ఉండాల్సిందే.

మీ ఇద్దరే వెళ్తుంటే, బాబుకి నీళ్లంటే ఇష్టమైతే వండర్‌లా. అది రావిర్యాలలో ఉంది, 2016లో మొదలైంది. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి రావిర్యాల దగ్గర దిగితే చాలు, సిటీ ట్రాఫిక్‌తో పనే లేదు. రైలైతే సికింద్రాబాద్ దాకా వెళ్లి మళ్లీ ఇంత దూరం వెనక్కి రావాలి, పిల్లలతో అది వద్దు. అక్కడ పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్ లేదు, అది దాటితే పిల్లల టికెట్. రెండేళ్ల పిల్లల సగటు ఎత్తు 86, 87 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి మీ బాబుకి దాదాపుగా టికెట్ పడుతుంది. ఇంట్లో గోడకి నిలబెట్టి టేపుతో కొలుచుకుని బయల్దేరండి. పెద్ద రైడ్‌లన్నింటికీ ఎత్తు నిబంధన ఉంటుంది, బాబుకి పిల్లల సెక్షన్ ఒక్కటే దిక్కు. అది వాడికి చాలు కూడా. రెండు రోజుల్లో రెండూ చూసేద్దామని మాత్రం అనుకోకండి.

పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే ఆలోచన పెట్టుకోవద్దు. పోనూ రానూ ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. ముందురోజు మధ్యాహ్నం అన్నాలు తిని బయల్దేరితే పిల్లలు కారులో నిద్రపోతారు. సూర్యాపేట దాదాపు సగం దారి, అక్కడ దిగి డైపర్ మార్చి, పాలు పట్టి, బాబుని కాసేపు పరుగెత్తనివ్వండి. రాత్రికి పార్కుకి దగ్గర్లో గది తీసుకోండి. కారులో ముందు సీట్లో పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మాత్రం వద్దు. కారు దేనికైనా గుద్దుకుని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అది పసిబిడ్డ మీదే పడుతుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ ఉండాలని మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ చెప్తోంది, లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. పాప సీటు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించుకోవాలి. కొనలేకపోతే బంధువుల్లో ఎవరి దగ్గరో ఉంటుంది, అడిగి తెచ్చుకోండి.

జనవరి అన్నారు, నెల మంచిదే. కానీ సంక్రాంతికి ముందు, తర్వాత ఆ హైవే సంగతి మీకు తెలుసు. పంతంగి టోల్ దగ్గర బారులు తీరిన బండ్లలో ఏడు నెలల పాపతో ఇరుక్కోవడం ఊహించుకోండి. పండగ జనం తిరుగు ప్రయాణాలు అయిపోయాక, నెలాఖరులో, శనాదివారాలు కాకుండా వెళ్లండి. స్కూలు పిక్నిక్ బస్సులు ఉంటాయి గానీ ఆ పిల్లలంతా పెద్ద రైడ్‌ల వైపు వెళ్లిపోతారు. ఎండాకాలంలో అయితే ఈ జవాబే వేరుగా ఉండేది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి చంటిబిడ్డని పార్కులో తిప్పకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. నీళ్ల రైడ్‌లలోకి నైలాన్ లాంటి బట్టలుంటేనే రానిస్తారు, నూలు బట్టలు కుదరవు. ఆ బట్టలు ఒకసారి తడిసి ఒంటికి అతుక్కున్నాక పాలిచ్చే తల్లికి ఎంత ఇబ్బందో అక్కడ చాలామందిని చూశాను. పాపేమో ఆకలికి ఏడుస్తూ ఉంటుంది, ఈవిడ బట్టలు మార్చుకునే గది ముందు వరుసలో నిలబడి ఉంటుంది. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పొడిగా ఉండాలి. పొడిగా ఉన్నవాళ్ల చేతిలో చిన్నవాడు, తడిసినవాళ్ల చేతిలో పెద్దది. మా అమ్మాయిని ముందు మావారు నీళ్లలోకి తీసుకెళ్లారు. వాళ్లు వచ్చి తుడుచుకుని, బాబుకి పాలు పట్టడం అయి, వాడు నిద్రపోయాక నేను వెళ్లాను. ఆ రోజు నీళ్లలో నేనొక్కదాన్నే ఉన్న ఆ కాసేపూ ఎంత బాగుందో! ఆ వంతు మీరు వదులుకోకండి.

నీళ్లలో మీ బాబు పక్కన ఉన్నవాళ్లు ఫోన్ లాకర్లో పెట్టేయాలి. మోకాలి లోతు కూడా లేదు కదా అనుకుంటాం. ఈ వయసు పిల్లలు బోర్లా పడితే జానెడు నీళ్లలోనూ లేవలేరు, కేక కూడా వేయలేరు, చప్పుడే ఉండదు. చేతులకి తొడిగే గాలి బుడగలు ఆటకే గానీ రక్షణకి కాదు. చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పెద్ద మనిషి ఉండాలి, అంతే. మా అమ్మాయి గిన్నె బోర్లించినట్టు నీళ్లు పడే చోట నిలబడి ఎంతకీ రానంది. కాసేపటికి చూస్తే పెదాల చుట్టూ నీలం రంగు తిరిగి, గడ్డం టకటకా వణుకుతోంది, నోరు మాత్రం "ఇంకోసారి, ఇంకోసారి" అంటోంది. చలి వేస్తోందని ఆ వయసులో వాళ్లు చెప్పరు. పెదాలు చూసి మనమే తీసుకొచ్చేయాలి. పొడి తువ్వాలు చుట్టి ఎండలో కూర్చోబెట్టాక మళ్లీ పంపొచ్చు. పాపని అసలు నీళ్లలో దించకండి. పసిపిల్లల ఒంట్లో వేడి చాలా త్వరగా పోతుంది. బాబుకి మామూలు డైపర్ వేసి దించితే నీళ్లు పీల్చి కుండలా ఉబ్బుతుంది, స్విమ్ డైపర్ కొనండి. అది మలం బయటికి రాకుండా కొంతవరకు ఆపుతుందంతే, ఉచ్చ ఆగదు. అందుకే గంటకోసారి బాత్రూంకి తీసుకెళ్లాలి. ఆ వారంలో విరేచనాలు అయినవాళ్లు ఎవరూ పూల్‌లోకి దిగకూడదు, మన పిల్లలైనా సరే.

పొడి రైడ్‌లలో మా అమ్మాయికి రంగులరాట్నం బాగా నచ్చింది. అది కూడా గుర్రం మీద కాదు. గుర్రం పైకి లేవగానే రెండు చేతులతో స్తంభాన్ని వాటేసుకుని బిక్కమొహం వేసింది. తర్వాత కదలని బల్ల మీద నా పక్కన కూర్చుని తిరిగితే కేరింతలే. భయపడితే బలవంతం చేయకండి. "ఏం కాదు, మగపిల్లాడివి" లాంటి మాటలు అసలు వద్దు. జారుడుబల్లలు మధ్యాహ్నం ఎండకి కాలుతుంటాయి, ముందు మీ అరచెయ్యి వెనక భాగం ఆనించి చూసి కూర్చోబెట్టండి. వేవ్ పూల్, రెయిన్ డ్యాన్స్ ఉన్న వైపు డీజే మోత చాలా ఎక్కువ. పాపని ఎత్తుకుని ఆ దారిన పోకండి, లేదంటే పసిపిల్లల చెవులకి పెట్టే ఇయర్‌మఫ్స్ తీసుకెళ్లండి. దూది పెడితే చాలదు.

తిండి విషయంలో టెన్షన్ వద్దు. బయటి తిండి రానివ్వరు గానీ మా బాబు ఉగ్గుకీ, ఫ్లాస్కులో నీళ్లకీ గేటు దగ్గర ఎవరూ అడ్డు చెప్పలేదు. సంచీ పైనే పెట్టి, అడిగితే చూపించండి. ఏడు నెలలంటే కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం కొంచెం పట్టొచ్చు. ఆరు నెలల లోపు పిల్లలకైతే ఎంత ఎండైనా తల్లిపాలు తప్ప చుక్క నీరు కూడా అక్కర్లేదు, ఇది చదివే మిగతా తల్లుల కోసం రాస్తున్నాను. కొత్త తిండి ఏదీ ఆ రోజు మొదలుపెట్టకండి. బాబుకి లోపల ఇడ్లీ, పెరుగన్నం లాంటివి దొరికితే సరే, లేకపోతే అరటిపండే.

ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు రెండు సంచీలో వేసుకోండి. మందుల షాపులో దొరికే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్, మీద రాసినట్టు సరిగ్గా లీటరు నీళ్లలో కలిపేది. పళ్ల రుచి ఉన్న తియ్యటి డబ్బా పానీయాలు దానికి బదులు కాదు. అలాంటి వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని 2025లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దాని కోసం హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు.

సంచీలో నేను తప్పకుండా పెట్టమనేది ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీర. పాలిచ్చేటప్పుడు కప్పుకోవడానికి, గడ్డి మీద పరిచి డైపర్ మార్చడానికి, నిద్రపోతున్న పాప మీద ఎండ పడకుండా పట్టుకోవడానికి, హోటల్ గదిలో పక్క పరుపు మీద వేయడానికి అన్నిటికీ అదే. స్ట్రాలర్ ఉంటే మంచిదే, కానీ దాని మీద గుడ్డ పూర్తిగా కప్పకండి, లోపల గాలాడక వేడెక్కిపోతుంది. గేటు దగ్గరే ఇద్దరు పిల్లలకీ ఆ రోజు వేసిన బట్టలతో ఫోటో తీసి పెట్టుకోండి. బాబు చేతి మీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాయండి. నీళ్లలో దిగొచ్చాక చెరిగిపోతే మళ్లీ రాయాలి.

గేటు తీసే వేళకి వెళ్లి, మధ్యాహ్నం పాప నిద్రకి ఎక్కడైనా నీడలో సర్దుకుని, నాలుగింటికల్లా బయటపడండి. టీకా వేయించిన రెండు మూడు రోజుల్లో ప్రయాణం పెట్టుకోవద్దు. బయల్దేరే ముందు రాత్రి పాపకి ఒళ్లు వెచ్చబడినా ఆగిపోండి, టికెట్ డబ్బులు పోతే పోనీ.

జనవరిలో ఏ కారణంగానైనా కుదరకపోతే మన భవానీ ద్వీపమే ఉంది కదా. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, బెర్మ్ పార్కు నుంచి పడవ. చెట్లు, ఉయ్యాలలు, పిల్లలు పరుగెత్తడానికి కావలసినంత జాగా. సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. కానీ 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయిన సంగతి మన ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. పెద్దవాళ్ల లైఫ్ జాకెట్ పాపకి కడితే తల కిందికి జారిపోతుంది, అది ఉన్నా లేనట్టే. ఎక్కే ముందు ఇద్దరు పిల్లల సైజు జాకెట్లూ చూపించమని అడగండి. లేవంటే బెర్మ్ పార్కులోనే ఆడించుకుని వచ్చేయండి, పడవ ఇంకో రెండేళ్లకి ఎక్కొచ్చు.