ఎక్కువ గంటలు పనిచేస్తే యజమాని గుర్తిస్తాడా?

గుర్తిస్తాడండీ. ఎవరూ చేయని పని వచ్చినప్పుడల్లా మొదట మన పేరే గుర్తొస్తుంది.

విజయవాడలో ఒక టైల్స్, శానిటరీ షాపులో అకౌంట్స్ చూసేవాణ్ణి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. రెండు వేల పైచిలుకు ఐటమ్స్, ప్రతిదానికీ కోడు, పన్ను రేటు ట్యాలీలో, అంటే లెక్కల సాఫ్ట్‌వేర్లో ఎక్కించాలి. పగలు బిల్లింగే సరిపోయేది. అందుకని షట్టర్ సగం దించాక మొదలుపెట్టేవాణ్ణి. వాష్ బేసిన్ 28 శాతం, కుళాయి 18. ఏదైనా అనుమానమొచ్చి ఆడిటర్ గారికి ఫోన్ చేస్తే ఆయనా తడుముకునేవారు. ఇరవై రోజులు ఇదే వరస. ఇల్లు చేరేసరికి అన్నం మీద మూత, మా ఆవిడ నిద్ర. ఓనరు గారు మాత్రం వెళ్తూ వెళ్తూ "నువ్వున్నావుగా, నాకేం టెన్షన్ లేదయ్యా" అనేవారు. ఆ మాటకి పొంగిపోయేవాణ్ణి, అబద్ధమెందుకు.

నవంబర్ 15న టైల్స్, బేసిన్లు 18కి దిగాయి. మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి ఆయన అడగను కూడా లేదు, తాళాలు నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు.

ఏప్రిల్లో జీతాలు పెంచారు. నాకు ఐదొందలు. కౌంటర్లో కుర్రాడికి రెండు వేలు! వాడు ఎనిమిదయ్యేసరికి బండి స్టార్ట్ చేసేవాడు. పక్క వీధి షాపువాళ్లు రమ్మంటున్నారని ఓనరు చెవిన పడేలా రెండుసార్లు ఫోన్లో మాట్లాడాడు, అంతే. నన్నడిగితే ఎక్కడైనా జీతం పెరిగేది వీడు పోతాడేమోనన్న భయానికే.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. తర్వాత ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 దాకా తీసుకెళ్లారు. ఫ్యాక్టరీల చట్టంలో ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలని 1948లోనే రాశారు, ఆ సంగతి ఒక్కరూ ఎత్తరేం? మాలాంటి వాళ్లు అడిగితే "మనమంతా ఒక ఫ్యామిలీ" అంటారు. అదే ఫ్యామిలీలో పది నిమిషాలు లేటైతే సగం రోజు కోత.

నేను మానేసి ఆరేళ్లయింది. 2025 సెప్టెంబర్లో జీఎస్టీ స్లాబులు మారి సిమెంటు 28 నుంచి 18కి తగ్గిందిగా, ఓనరు గారు ఇప్పుడు అదీ అమ్ముతున్నారట. ఫోన్ చేశారు. "రెండు సాయంత్రాలు వచ్చి చూసిపోవయ్యా, నీకైతే తెలుసు." వెళ్లాను. గంటకింతని ముందే మాట్లాడుకున్నాను, ఆటో ఛార్జీ వేరే.